మోకాలితో నడిచే లేత్ మిషన్

మా బాపు ఆ నడక మిషన్‌ను ఇంటికి తెచ్చిన రోజు అవ్వ (మా అమ్మను నేను అట్లానే పిలుస్తాను) దాని చుట్టూ ఒకసారి తిరిగి, "దీని మీద నడుస్తె ఏడికి పోతరు?" అని అడిగింది. ఎక్కడికీ పోరని, నిలబడ్డ చోటే నడవాలని బాపు చెప్పాడు.

"ఉన్నకాడనే నడిచేటందుకు మిషన్ ఎందుకయ్యా? ఇన్నేండ్ల సంది నువ్వు గదే జేస్తున్నవ్ గద."

బాపు నవ్వలేదు కానీ స్క్రూడ్రైవర్ కోసం వెతుకుతున్నట్టు అటు తిరిగాడు. అవ్వ మాటకు నవ్వు వచ్చినప్పుడు ఆయన ఏదో ఒకటి వెతుకుతాడు.

అది మెట్‌పల్లిలో పాత ఇనుప సామాను కొనే అతని దగ్గర దొరికింది. కరీంనగర్‌లో ఎవరో నడుద్దామని కొనుక్కుని, నాలుగు రోజులు నడిచి, తర్వాత బట్టలు ఆరేసుకోవడానికి వాడుకున్నారట. చేతులు పట్టుకునే కడ్డీకి ఆకుపచ్చ ప్లాస్టిక్ క్లిప్పు ఒకటి ఇంకా పట్టుకునే ఉంది. బాపుకు కావలసింది కాళ్ల కింద తిరిగే పట్టీకి అడుగున ఉన్న మోటరు ఒక్కటే. మిగతాదంతా ఊడదీసి గోడకు ఆనించి, మోటరును మాత్రం రెండు చేతులతో ఒళ్లోకి తీసుకోబోయి, ఎడమ భుజం గుర్తొచ్చి ఆగాడు. నేను వెళ్లి అందుకున్నాను.

ఆ భుజం సంగతి చెప్పాలి. మా బాపు మంచాలకు కాళ్లు, అదే కోళ్లు, చేస్తాడు. లేత్ మిషన్ మీద టేకు కట్టెను తిప్పుతూ ఉలితో గుండ్రంగా చెక్కి, ఉంగరాలు తీసి, చివర తిరుగుతున్న కోడు మీదే లక్క కడ్డీ ఒత్తి రంగు ఎక్కిస్తాడు. ఒక్కో కోడుకు మూడు వేగాలు కావాలి. కట్టె వంకరగా ఉన్నప్పుడు నిదానం, నున్నగా చేసేటప్పుడు జోరు, లక్కకు ఆ రెంటి నడుమ. పాత మోటరుకు ఒకటే వేగం. దాన్ని మార్చాలంటే ఎడమ చేత్తో మోటరును పైకి ఎత్తి, బెల్టును చిన్న చక్రం మీది నుంచి పెద్ద చక్రం మీదికి జరపాలి. ముప్పై ఏళ్లు అట్లా ఎత్తీ ఎత్తీ పోయిన వానాకాలంలో భుజం పట్టేసింది. ఛాతీ కంటే పైకి చెయ్యి లేపొద్దని డాక్టరు చెప్పాడు. బాపు లేపి చూపించి, నొప్పిగా ఉందని ఒప్పుకుని, తర్వాత లేపడం మానేశాడు.

అప్పటి నుంచి ఒకే వేగం మీద పని నడిచింది. లక్క ఎక్కడం లేదు. రంగు కోళ్ల కోసం వచ్చినవాళ్లు ఒకసారి తెల్ల కోళ్లు తీసుకుని వెళ్లారు, రెండోసారి రాలేదు. ఇచ్చోడలో ఫర్నిచర్ పని చేయించే మా పెద్దబాపు చలికాలంలో వచ్చి, "తమ్మీ, మిషన్ నాకియ్యి. ఈడ ఉంటె తుప్పు వడ్తది. నువ్వు నిమ్మలంగ ఇంట్ల కూసోని గీతలు గియ్యి, నేను చెక్కిపిస్త" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. హోలీ దాటినాక బండి తెస్తానన్నాడు. బాపు సరే అన్నాడు.

ఆ రోజు నా డైరీలో రెండే వాక్యాలున్నాయి. 'బాపు సరే అన్నాడు. అన్నం సగం తిన్నాడు.' పొద్దున లేవగానే ముఖం కడుక్కుని బాపు వెళ్లి నిలబడేది ఆ మిషన్ ముందే. అది ఇచ్చోడకు పోతే ఆయన పొద్దున ఎక్కడ నిలబడతాడో నాకు తోచలేదు.

నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేసి ఇంట్లో ఉన్నాను. పరీక్షలకు చదువుతున్నానని అందరికీ చెప్పుకున్నాం. పరీక్ష పుస్తకం కింద నవల ఉంటుందని బాపుకు తెలుసు. తెలిసినట్టు ఎప్పుడూ చెప్పలేదు, కాకపోతే నా గదిలోకి వచ్చే ముందు గట్టిగా దగ్గుతాడు.

"నీ సర్టిఫికెట్ ఫ్రేమ్ గట్టిచ్చి గోడకు వెట్టినం" అన్నాడు ఆ సాయంత్రం. "దినాం దానికి అగర్బత్తి ముట్టియ్యాల్నా ఏంది? జర గీ మోటరుకు అక్కరొచ్చే పని జూడు. నాకు బెల్టు ఎత్తకుంట వేగం మారాలె. గంతే."

మోటరు మీది రేకు చదివాను. నూట ఎనభై వోల్టులు, డీసీ. మన ఇళ్లకు వచ్చే కరెంటు ముందుకూ వెనక్కూ ఊగుతుంటుంది. ఈ మోటరుకు ఒకే దిక్కుకు పోయే కరెంటు కావాలి. ఎంత ఎక్కువ ఇస్తే అంత జోరుగా, ఎంత తక్కువ ఇస్తే అంత నిదానంగా తిరుగుతుంది. బాపు ఎక్కడో విన్న గుణం అదే, అందుకే తెచ్చాడు. ముందు ఇన్వర్టర్ బ్యాటరీ వైర్లు తగిలించి చూశాను. నేల మీద పడుకున్న మోటరు నెమ్మదిగా, చప్పుడు లేకుండా తిరగడం మొదలుపెట్టింది. బాపు దాని పక్కన గొంతుక్కూర్చుని చాలాసేపు చూశాడు.

తర్వాతి వారంలో ఒక పెద్ద రెగ్యులేటరు కొని, దాని వెనక ఊగే కరెంటును ఒకే దిక్కుకు మళ్లించే డయోడ్ల బిళ్ల పెట్టి, మోటరును లేత్ కింద బిగించాం. నాబ్ తిప్పితే వేగం పెరుగుతోంది, వెనక్కి తిప్పితే తగ్గుతోంది. అవ్వ కుట్టు మిషన్ ఆపి వచ్చి మరీ చూసింది. బాపు కట్టె బిగించి, నిదానం మీద పెట్టి, ఉలి ఆనించాడు. మోటరు ఆగిపోయింది. ఉలి తీశాడు. మళ్లీ తిరిగింది. ఆనించాడు. ఆగింది.

బాపు ఉలి కింద పెట్టి నా వైపు చూశాడు.

"గిది అచ్చం నీ లెక్కనే ఉన్నది బిడ్డా. ఒక్కతి ఉన్నప్పుడు మంచిగనే తిరుగుతది. ఎవలన్న దగ్గరికచ్చి జర ముట్టంగనే గమ్మున ఆగుతది."

"చుట్టాలచ్చినప్పుడు అర్రల జొచ్చి తలుపేసుకుంటది గద, గట్లనే" అంది అవ్వ.

ఆ రోజు నుంచి మా ఇంట్లో ఆ మోటరు పేరు చిన్నబిడ్డ. నేను పెద్దబిడ్డను.

ఎందుకు ఆగుతోందో నాకు రెండు రోజులకు తెలిసింది. నిదానంలో దానికి అందే బలం తక్కువ. ఉలి ఒత్తగానే వేగం పడిపోతున్న సంగతి కనిపెట్టి, వెంటనే ఇంకాస్త కరెంటు అందించే బోర్డు కావాలి. అటువంటి బోర్డు కరీంనగర్‌లో దొరకవచ్చు. అంటే ఎవరో ఒకరు వెళ్లి అడగాలి. బాపు భుజం పట్టుకుని బస్సు ఎక్కలేడు. ఆ పేర్లకు అవ్వ నోరు తిరగదు.

బస్సులో కూర్చుని అడగాల్సిన వాక్యాన్ని నాలుగు రకాలుగా తయారు చేసుకున్నాను. దుకాణం గడియారం టవర్ దగ్గరి సందులో, వైర్ చుట్టల మధ్య ఉంది. దుకాణాయన "ఏం గావాలమ్మా" అనగానే నాలుగు వాక్యాలూ ఒకేసారి పోయాయి. ముందు జాగ్రత్తగా రాసి పెట్టుకున్న చీటీ తీసి ఇచ్చాను. ఆయన దాన్ని దుకాణమంతా వినబడేట్టు చదివాడు.

"గిది ఎవలు రాసిండ్రు?"

"మా బాపు" అన్నాను. ఎందుకు అన్నానో ఇప్పటికీ తెలియదు.

"మీ బాపు ఏం జేస్తడమ్మా?"

"మంచం కోళ్లు."

ఆయన కళ్లజోడు తీసి చీటీని, నన్ను మార్చి మార్చి చూశాడు. తర్వాత లోపలికి వెళ్లి బోర్డు, దానికి సరిపడే ఫ్యూజులు, వేడిని పీల్చుకునే అల్యూమినియం దిమ్మ తెచ్చి పెట్టాడు. "మీ బాపుకు జెప్పు, గీ బోర్డుల నాబ్ వైర్లకు గూడ కరెంటు ఉంటది. ఇనుము నాబ్ పెట్టొద్దను. కట్టెదో ప్లాస్టిక్‌దో పెట్టుమను. ఏమన్న డౌటుంటె సారును నాకు ఫోన్ జెయ్యిమను."

ఇంటికి వచ్చి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. బాపు చాలా గంభీరంగా విన్నాడు.

"నేను గింత తెలివిగలోన్నని నాకే తెల్వకపాయె" అన్నాడు. "చీటిల ఇంకేమేం రాసిన్నో జర చెప్పు, ఫోనస్తె జవాబియ్యాలె గద."

నాబ్‌ను బాపే కుడిచేత్తో, మామూలు ఉలితో టేకు ముక్కలో చెక్కాడు. నేను బోర్డును ప్లాస్టిక్ పెట్టెలో అమర్చి, లేత్ వెనక గోడకు నా కళ్ల ఎత్తులో బిగించి, నాబ్ చుట్టూ సున్నా నుంచి పది దాకా అంకెలు వేశాను. అంకెలు బాగా కుదిరాయి. రెండుసార్లు గది బయటికి వెళ్లి, లోపలికి వచ్చి చూసుకున్నాను.

ఈసారి ఉలి ఆనించగానే మోటరు ఆగలేదు. గొంతు మార్చి, కొంచెం గుర్రుమని, కట్టెను తిప్పుతూనే ఉంది. బాపు ఇంకా గట్టిగా ఒత్తాడు. అది ఇంకా గట్టిగా గుర్రుమంది.

"చిన్నబిడ్డకు మాటలచ్చినయి" అన్నాడు బాపు. "పెద్దబిడ్డకు ఎప్పుడస్తయో."

పని అయిపోయిందనుకున్నాను. డైరీలో ఒక పేజీ నిండా రాశాను. కానీ లక్క ఎక్కించేటప్పుడు అసలు సంగతి బయటపడింది. లక్క పని రెండు చేతులతో చేసేది. కుడిచేత్తో కడ్డీ ఒత్తుతూ ఉంటే రాపిడి వేడికి లక్క కరిగి కట్టెకు అంటుకుంటుంది. అంటుకున్న వెంటనే ఎడమ చేతిలోని తాటాకు ముక్కతో దాన్ని అద్దినట్టు పరచాలి. అద్దుతున్నంతసేపూ వేగం మారుతుండాలి. ఎక్కువైతే లక్క కాలి చిమ్ముతుంది. తక్కువైతే గడ్డ కడుతుంది. మరి నాబ్ తిప్పే చెయ్యి ఎక్కడిది?

నేను గోడ దగ్గర నిలబడ్డాను.

"జర తగ్గియ్యి బిడ్డా."

ఆరు నుంచి ఐదుకు తిప్పాను.

"జర అన్న గద, గంత గాదు."

ఐదున్నరకు తెచ్చాను.

"ఇంకో జర."

ముప్పై ఏళ్లు చెయ్యీ చెవీ నేర్చుకున్న వేగానికి నేను వేసిన పది అంకెల్లో చోటు లేదు. మొదటి కోడు మీద లక్క నల్లబడింది, రెండో కోడు మీద బొబ్బలు తేలింది. "రేపు నీకు నౌకరి వస్తె గీ గోడకాడ ఎవలు నిలవడ్తరు" అని బాపు అడిగాడు.

మూడో కోడు నాటి పొద్దున కరెంటు పోయింది. నాబ్ ఆరు మీదే ఉంది. నేను దాన్ని సున్నాకు తేవాలి. తేలేదు. ఉడకబెట్టిన పసుపు వాసన వీధి నుంచి వస్తుంటే గుమ్మం దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. బాపు కట్టె ఒక వైపు బిగింపు వదులు చేసి, వంగి, లక్క ఎట్లా పట్టిందో చూస్తున్నాడు. కరెంటు వచ్చింది. మిషన్ దానంతట అదే ఆరో అంకె జోరులో లేచింది. కోడు ఊడి బాపు చెవి పక్క నుంచి వెళ్లి గోడకు తగిలి కింద పడింది.

అవ్వ వచ్చింది. మెయిన్ స్విచ్ కట్టేసింది. బాపు చెవిని, మెడను చేత్తో తడిమి చూసింది. తర్వాత కుర్చీలో కూర్చుంది.

"హోలి దాక ఎందుకు. రేపే ఫోన్ జెయ్యి మీ అన్నకు" అంది.

ఆ రోజు మా ఇంట్లో ఎవరూ ఎవరినీ ఆటపట్టించలేదు. డైరీలో తారీఖు రాసి మూసేశాను.

బాపు ఫోన్ చేయలేదు. చేయనని కూడా చెప్పలేదు. పెద్దబాపు వచ్చేందుకు పది రోజులున్నాయి.

నేను చేసిన తప్పు ఆలోచిస్తే చాలా చిన్నది. నాబ్ ఎక్కడ వదిలితే అక్కడే ఉంటుంది. వదిలేస్తే తనంతట తాను సున్నాకు వచ్చేది కావాలి. చెయ్యి అవసరం లేనిది కావాలి. ఇది నాకు పుస్తకంలో దొరకలేదు. మర్నాడు అవ్వ జాకెట్టు కుడుతుంటే చూస్తూ కూర్చున్నాను. రెండు చేతులూ బట్ట మీద ఉన్నాయి. మలుపు దగ్గర పాదం కొంచెం వదులు చేస్తే సూది నెమ్మదించింది, పాదం తీస్తే ఆగింది.

బాపు దగ్గరికి వెళ్లి, కాలి కింద పెడల్ పెడదామని చెప్పాను.

"కాలుతోనా?" అన్నాడు. "లేత్ మిషన్ను కాలుతోని తొక్కాల్నా?"

అది నేను ముందే ఊహించవలసింది. బాపు చెప్పులు గుమ్మం బయట విడిచి మిషన్ దగ్గరికి వెళ్తాడు. పొరపాటున ఉలికి కాలు తగిలితే వంగి ముట్టుకుని కళ్లకద్దుకుంటాడు. దసరా నాడు మిషన్‌కు బొట్లు పెట్టి, ఆ రోజు దాన్ని పనికి పిలవడు.

"పన్నెండేండ్ల సంది తొక్కుతున్న నేను" అంది అవ్వ కుట్టు మిషన్ దగ్గరి నుంచి, తల ఎత్తకుండా. "ఒక్కనాడు గూడ వద్దనకపోతివి. ఇది మిషన్ గాదా?"

"అది తొక్కెటందుకే తయారు జేసిండ్రే."

"ఓహో. నీది మొక్కెటందుకు, నాది తొక్కెటందుకు."

బాపు స్క్రూడ్రైవర్ కోసం వెతకడం మొదలుపెట్టాడు. ఈసారి నవ్వు ఆపుకోవడానికి కాదు.

రెండు రోజులు బాపు వెళ్లి మిషన్ ముందు నిలబడటం, దాని కింద ఖాళీని చూడటం, వెనక్కి రావడం నాకు కనిపిస్తూనే ఉంది. మూడో రోజు నేను మొక్కలకు నీళ్లు పోస్తుంటే పక్కకు వచ్చి గొంతు తగ్గించి అడిగాడు.

"మోకాలైతె అయితదా?"

"అయితది బాపూ. పక్కకు ఒత్తితె చాలు."

అవ్వకు గోడ అవతలి నుంచి కూడా వినబడుతుంది. "మోకాలు ఏడికెళ్లచ్చింది, చెయ్యికి మొలిచిందా?"

"దేవునికి దండం వెట్టంగ ముందుగాల భూమికి ఆనేది మోకాలే" అన్నాడు బాపు. "పాదం వేరు, మోకాలు వేరు."

"సరే తియ్. పంతులు జెప్పినంక ఇంకేముంది."

బాపు తన మోకాలి పక్కకు సరిపోయేలా టేకు పలక చెక్కి, మిషన్ బల్ల కింద కీలు మీద వేలాడదీశాడు. మోకాలితో కుడి పక్కకు నెడితే అది నైలాన్ తాడును లాగుతుంది, తాడు నాబ్‌ను తిప్పుతుంది. వదిలితే పాత సైకిల్ స్టాండు స్ప్రింగు దాన్ని సున్నాకు లాగేస్తుంది. కరెంటు పోయి వస్తే మళ్లీ బొత్తాం నొక్కేదాకా మోటరు కదలకుండా ఇంకో స్విచ్ పెట్టాను. అది పెట్టాక అవ్వతోనే మెయిన్ స్విచ్ కట్టించి, వేయించి, కట్టించి చూపించాను. ఆరుసార్లు చూసింది. ఏడోసారి "చాలు" అంది. గోడ మీది అంకెలను నేనే తుడిచేశాను.

మొదటి రెండు రోజులు బాపు మోకాలు ఆయన మాట వినలేదు. మిషన్ ఎగిరి పడేది, ఆగేది, మళ్లీ ఎగిరేది. మోకాలి పక్కన నీలంగా కమిలింది. "భుజం అయింది, ఇగ మోకాలు. తర్వాత నంబరు దేనిది?" అని అవ్వ నూనె వేడి చేసింది. మూడో రోజు మధ్యాహ్నం లోపలి నుంచి మిషన్ చప్పుడు సన్నగా ఎక్కి, దిగి, ఒక దగ్గర నిలిచి, మళ్లీ ఎక్కింది. "జర" అని ఎవరితోనూ అనాల్సిన పని లేకుండా బాపు లక్క ఎక్కిస్తున్నాడు.

హోలీ అయిన మూడో రోజు పెద్దబాపు ట్రాలీ ఆటోలో దిగాడు. చెవుల వెనక గులాబీ రంగు ఇంకా పోలేదు. భుజాన తాళ్ల చుట్ట. ఇన్నేళ్లు ఇచ్చోడలో ఉండి ఆయన మాటలో మరాఠీ కలిసింది.

"ఝాలా తమ్మీ? అయిందా, తయారేనా? తాళ్లు గూడ తెచ్చిన."

"కూసో అన్నా. కోడు మీద లక్క ఉన్నది. నడుమ ఆపితె గట్టివడ్తది" అన్నాడు బాపు, తల తిప్పకుండా.

పెద్దబాపు స్టూలు మీద కూర్చున్నాడు. బాపు కుడిచేతిలో ఎర్ర లక్క, ఎడమ చేతిలో తాటాకు ఉన్నాయి. రెండు చేతులూ కోడును వదలడం లేదు. మిషన్ మాత్రం నెమ్మదిస్తోంది, జోరెక్కుతోంది. పెద్దబాపు ముందు నా చేతుల వైపు చూశాడు. అవి చున్నీలో ఉన్నాయి. తర్వాత అవ్వ వైపు చూశాడు. అవ్వ చిక్కుడుకాయలు ఒలుస్తోంది. చివరికి బల్ల కిందికి వంగి చూశాడు.

"గదేందిరా, మోకాలు ఊపుతున్నవ్? నరాల బీమారా?"

"గేరు" అన్నాడు బాపు.

లక్క ఆరింది. పెద్దబాపు కోడు మీది ఉంగరాలను బొటనవేలితో ఒక్కొక్కటిగా తడిమాడు. ఏదో ఒక వంక దొరకాలని తడిమాడు కానీ దొరకలేదు.

"ఒక్క కోడేనా?"

"భుజం దినానికి ఒక్కటే పట్టనిస్తది. మంచానికి నాలుగు గావాలె గద. నాలుగోది అయినంక నువ్వే జెప్పు, తీస్కపోతవో ఇడిసిపెడ్తవో."

పెద్దబాపు బయటికి వెళ్లి ఆటో అతనితో ఏదో మాట్లాడాడు. ఆటో ఖాళీగా వెళ్లిపోయింది. ఆయన సాయంత్రం బస్సుకు పోయి, నాలుగో కోడు నాడు మళ్లీ బస్సులోనే వచ్చాడు. చేతిలో తాళ్లు లేవు. నాలుగు కోళ్లను నేల మీద వరసగా నిలబెట్టి, కళ్లు చిట్లించి, అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు చూశాడు. టీ చల్లారిపోయింది.

"ఈడనే ఉండనీ" అన్నాడు ఆఖరికి.

బాపు తల ఊపి, ఇంకో కట్టె అందుకుని మిషన్‌కు బిగించడం మొదలుపెట్టాడు.

పెద్దబాపు నా వైపు తిరిగాడు. "బిడ్డా, నా కాడ దీనికన్న పెద్ద లేత్ ఉన్నది. దానికి గిసొంటిదే జేసిస్తవా?"

నేను గొంతు సవరించుకునే లోపల బాపు అటు తిరిగే జవాబిచ్చాడు.

"ముందుగాల మోకాలు కొలత ఇయ్యాలె అన్నా. లుంగీ జర మీదికనుకో."

ఇచ్చోడలో ఎనిమిది మంది చేత పని చేయించే మా పెద్దబాపు స్టూలు మీద కూర్చుని, లుంగీ పైకి మడిచి, కాలు నిటారుగా పెట్టాడు. అవ్వ తన కొలత టేపు నా మీదికి విసిరి చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేలకు, మోకాలి చిప్పకు మధ్య పంతొమ్మిది అంగుళాలు. "కదలకు పెద్దబాపూ" అని, సరిగా రాలేదని మళ్లీ కొలిచాను.